ప్రివ్యూకి ఐదు స్టార్లు, కండిషన్ రిపోర్ట్‌కి రెండు: హాంకాంగ్‌లో చైనా రాజపింగాణీ వేలం

హాంకాంగ్‌లో వసంతకాలం వేలాల్లో చైనా రాజపింగాణీ పళ్ళెం ఒకటి కొన్నాను. అరచేతి కంటే కాస్త పెద్దది, అంతే. దాని గురించీ, దాన్ని అమ్మిన వేలం సంస్థ సేవ గురించీ రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే నాకు ఇబ్బంది తెచ్చిపెట్టిన నిబంధన ఆ ఒక్క సంస్థది కాదు, వేలం వ్యాపారమంతా దాదాపు అలాగే నడుస్తుంది. నా మార్కులు ముందే చెప్పేస్తాను. వేలానికి ముందు పెట్టే ప్రివ్యూకి ఐదుకి ఐదు, కేటలాగ్‌కి నాలుగు, వస్తువు ఏ స్థితిలో ఉందో సంస్థ రాసిచ్చే కండిషన్ రిపోర్ట్‌కి రెండు, కొన్న తర్వాత నన్ను చూసుకున్న తీరుకి రెండున్నర. ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టే ఉద్దేశం లేకపోయినా ప్రివ్యూకి మాత్రం వెళ్ళండి. కొందామనుకునేవాళ్ళు కింద డబ్బు గురించి రాసిన భాగం వదలకుండా చదవండి.

ప్రివ్యూ అంటే తెలియనివాళ్ళ కోసం: వేలానికి ముందు కొన్ని రోజులపాటు అమ్మబోయే వస్తువులన్నీ హాల్లో పెడతారు. ప్రవేశం ఉచితం. నువ్వెవరు, ఎంత కొంటావు అని తలుపు దగ్గర ఎవరూ అడగలేదు. మ్యూజియంలో అద్దం వెనక నుంచి చూసే వస్తువుల్ని ఇక్కడ అడిగితే బయటికి తీసి చేతికిస్తారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఈ సంగతి తెలియక గంటసేపు అద్దాల చుట్టూ తిరిగాను, ఆ తర్వాత పక్కన ఒక పెద్దావిడ మామూలుగా వేలు చూపించి ఒక జాడీ తీయించుకోవడం చూసి ధైర్యం చేశాను.

చేతికిచ్చే పద్ధతి చూడటమే ఒక పాఠం. ఉంగరాలు, వాచీ తీసేయమంటారు. మెడలో వేలాడే గొలుసు, ఐడీ కార్డు చొక్కా లోపలికి వేసుకోమంటారు. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి ఉంటుంది. వాళ్ళు వస్తువుని ఆ గుడ్డ మీద పెట్టి పూర్తిగా చేయి తీసేశాకే మనం పట్టుకోవాలి, తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే, బల్ల మీద పెట్టాలి తప్ప చేతిలోంచి చేతిలోకి అస్సలు ఇవ్వకూడదు. ఎవరి చేయి వదిలింది, ఎవరి చేయి పట్టుకుంది అనే అనుమానానికి తావు ఉండకూడదు కాబట్టి ఈ నియమం. అంచు పట్టుకుని ఎత్తకూడదు, ఒక చేయి అడుగున ఉండాలి. బల్ల మీద నుంచి జానెడు కంటే పైకి ఎత్తకూడదు. గ్లౌజులు ఇస్తారేమో అనుకున్నాను, ఇవ్వలేదు. గుడ్డ గ్లౌజులతో నున్నటి పింగాణీ జారిపోతుందట, శుభ్రమైన వట్టి చేతులే మేలట.

నేను అడిగిన మొదటి వస్తువు యోంగ్‌జెంగ్ చక్రవర్తి కాలం నాటి చిన్న కప్పు. బయట నిమ్మపండు పసుపు, లోపల తెలుపు. ఆ చక్రవర్తి ఏలింది 1723 నుంచి 1735 వరకు, పట్టుమని పదమూడేళ్ళు, కానీ పింగాణీ పిచ్చి ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ పదమూడేళ్ళే శిఖరం. ఎందుకో అప్పటిదాకా నాకు ఫొటోల్లో అర్థం కాలేదు. చేతిలోకి తీసుకుంటే అర్థమైంది. బరువే లేదు, కానీ గాజులాగా భయపెట్టే తేలిక కాదు, అడుగున కొంచెం బరువు కూర్చుని పైకి పోయేకొద్దీ పలచబడుతూ వస్తుంది. దీపం వైపు తిప్పి లోపలికి చూస్తే బయట పట్టుకున్న నా వేళ్ళ నీడ లోపలి తెలుపులో కనిపించింది. అడుగున గ్లేజు (గాజులాంటి పైపూత) లేని వలయం మీద వేలితో రాస్తే ఎక్కడా గరుకు తగల్లేదు, సానబట్టినట్టు ఉంది. ఎవరికీ కనబడని అడుగు భాగాన్ని అంత శ్రద్ధగా చేసినవాళ్ళు మూడు వందల ఏళ్ళ కిందటి మనుషులు అనుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి, నిజం చెబుతున్నాను.

ఇవన్నీ పుట్టింది జింగ్‌డెజెన్‌లో. చైనాలో జియాంగ్‌షీ రాష్ట్రంలో ఉంది ఆ ఊరు. దగ్గర్లోని గావోలింగ్ అనే చోట దొరికే తెల్లమట్టి పేరు మీదే ప్రపంచమంతా కేయోలిన్ అంటోంది. ఆ మట్టినీ, మెత్తగా దంచిన ఒక రకం రాతిపొడినీ కలిపి 1,300 డిగ్రీల వేడికి అటూ ఇటూగా కాలిస్తే పింగాణీ అవుతుంది. యూరప్ వాళ్ళు ఈ రహస్యం పట్టుకోవడానికి 1708 దాకా ఆగాల్సి వచ్చింది. మింగ్, చింగ్ వంశాల చక్రవర్తుల కోసం ఊరి మధ్యలో జూషాన్ గుట్ట దగ్గర ప్రత్యేక బట్టీలు ఉండేవి. మింగ్ తొలి రోజుల్లో ఒక చిన్న లోపం కనబడినా ఆ వస్తువుని పగలగొట్టి అక్కడే పూడ్చేసేవాళ్ళు, రాజుగారి వస్తువు బయటివాళ్ళ చేతిలో పడకూడదని. ఆ గుంటల్ని 1980ల నుంచి తవ్వుతున్నారు, పెంకుల్ని ఒక్కొక్కటీ అతికించి మళ్ళీ గిన్నెలుగా నిలబెట్టి అక్కడి మ్యూజియంలో పెట్టారు. కొంచెం వంకర పోయిందని పగలగొట్టినవి ఇప్పుడు పాఠ్యపుస్తకాలు. చింగ్ కాలానికి వచ్చేసరికి తాంగ్ యింగ్ అనే అధికారి ఆ బట్టీల పని చూశాడు, యోంగ్‌జెంగ్ కాలంలో మొదలుపెట్టి తర్వాతి చక్రవర్తి చ్యెన్‌లాంగ్ కాలం దాకా. అప్పటి నాణ్యతలో చాలా వాటా ఆయనదే అంటారు, నేను కూడా నమ్ముతాను.

ఇక నేను కొన్న పళ్ళెం. ఆకుపచ్చ రంగు మీద వంకాయ రంగు డ్రాగన్లు. ఐదు గోళ్ళ డ్రాగన్లు. చింగ్ రాజభవనంలో ఎవరు ఏ రంగు గిన్నెలో తినాలో నియమం ఉండేది. లోపలా బయటా పసుపు అయితే రాజమాతకీ మహారాణికీ. బయట పసుపు, లోపల తెలుపు ఆ తర్వాతి స్థాయి రాణికి. పసుపు మీద ఆకుపచ్చ డ్రాగన్ ఇంకో మెట్టు కింద, నీలం మీద పసుపు డ్రాగన్ దాని కింద. ఆకుపచ్చ మీద వంకాయ రంగు డ్రాగన్ 'గుయ్‌రెన్' అనే స్థాయి వాళ్ళకి. అంటే ఒక పళ్ళెం చూసి భోజనానికి కూర్చున్న మనిషి భవనంలో ఎక్కడ నిలబడేదో చెప్పొచ్చు. నేను ఈ రకం కోసమే రెండేళ్ళు చూశాను, ఎందుకంటే మహారాణి పసుపు నాకు అందదు, ఇది అందొచ్చు అనిపించింది, పైగా ఆ వంకాయ రంగు నాకు ఇష్టం.

నాది గ్వాంగ్‌షు చక్రవర్తి కాలంది, అంటే 1875 నుంచి 1908 మధ్య. యోంగ్‌జెంగ్ కంటే ముందు ఏలిన కాంగ్‌షీ చక్రవర్తి కాలందైతే ధర చాలా పైన ఉంటుంది. గ్వాంగ్‌షు కాలం అంటే కొందరు సేకర్తలు పెదవి విరుస్తారు. వాళ్ళతో నేను ఒప్పుకోను. 1850ల్లో తైపింగ్ తిరుగుబాటులో జింగ్‌డెజెన్ రాజబట్టీలు ధ్వంసమయ్యాయి, తర్వాతి దశాబ్దంలో మళ్ళీ కట్టుకున్నారు, చేయి తప్పిన పనిని మళ్ళీ పట్టుకుని తాతల కాలం నమూనాల్ని తిరగరాశారు. ఆ పళ్ళెంలో డ్రాగన్ పొలుసుల్ని ముందు పచ్చి మట్టి మీద సూదిమొనతో గీశారు, ఆ పైన రంగు నింపారు. రంగు కొంచెం పలచబడిన చోట కింద గీత కనిపిస్తుంది, ఒకచోట గీత ఆగి మళ్ళీ మొదలైంది, అక్కడ పనివాడు చేయి ఎత్తి ఉంటాడు. ఆ ఒక్క చోటు కోసమే నేను ఆ పళ్ళెం కావాలనుకున్నాను.

కేటలాగ్ చదవడం వేరే విద్య. అడుగున ఉండే ఆరు అక్షరాల ముద్ర, 'మహా చింగ్, గ్వాంగ్‌షు కాలంలో తయారైనది' అని, మూడేసి అక్షరాల చొప్పున రెండు నిలువు వరసల్లో, కుడి నుంచి ఎడమకి చదవాలి. ఈ ముద్ర ఉన్నంత మాత్రాన ఆ కాలందే అని అనుకోవడం అందరూ చేసే మొదటి పొరపాటు. మింగ్ చక్రవర్తి చంగ్‌హువా ముద్రలు కాంగ్‌షీ కాలంలో వేశారు, కాంగ్‌షీ ముద్రలు వందల ఏళ్ళ తర్వాత వేశారు, అందులో అన్నీ మోసాలు కూడా కావు, పెద్దలంటే గౌరవంతో వేసినవీ ఉన్నాయి. కాబట్టి కేటలాగ్‌లో 'మార్క్ అండ్ పీరియడ్' అని ఉంటే ముద్రా ఆ కాలందే, వస్తువూ ఆ కాలందే అని సంస్థ మాట ఇస్తున్నట్టు. ఒట్టి 'మార్క్' అని ఊరుకుంటే ఆ మాట ఇవ్వనట్టు. ఈ రెండు ముక్కల తేడా మీద ధర వంద రెట్లు కూడా మారొచ్చు. ఈ సంస్థ కేటలాగ్ ఈ విషయంలో నిజాయితీగా ఉంది, అనుమానం ఉన్నచోట అనుమానంగానే రాశారు, వస్తువు ఇంతకుముందు ఎవరి దగ్గర ఉందో వీలైనంత ఇచ్చారు. నాలుగు మార్కులు అందుకే.

ఆ పాత యజమానుల వరస నాకు ముఖ్యం, చాలామంది దాన్ని ధర పెంచే అలంకారంగా చూస్తారు, నాకు అది మనస్సాక్షి విషయం. 1860 అక్టోబరులో బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాలు బీజింగ్ దగ్గర యువాన్‌మింగ్‌యువాన్ రాజోద్యానాన్ని దోచుకుని తగలబెట్టాయి. అక్కడి నుంచి పోయిన వస్తువులు ఇప్పటికీ అక్కడా ఇక్కడా బయటపడుతుంటాయి. ఈ రోజు చైనా ప్రధాన భూభాగం నుంచి 1911కి ముందు నాటి వస్తువుల్ని బయటికి తీసుకెళ్ళడం మామూలుగా నిషేధం. అందుకే హాంకాంగ్‌లో కొనేటప్పుడు ఈ వస్తువు ఎప్పుడు, ఎలా బయటికి వచ్చింది అని అడగాలి. అడిగితే ఎవరూ ముఖం చిట్లించలేదు. నా పళ్ళేనికి ఒక పాత యూరప్ సేకరణ లేబుల్ అంటించి ఉంది, అడుగున, పసుపెక్కిన చిన్న కాగితం ముక్క.

ధరల సంగతి చెప్పకపోతే ఈ లోకం అర్థం కాదు. 2014 ఏప్రిల్‌లో హాంకాంగ్‌లో సోథ్‌బీస్ వేలంలో చంగ్‌హువా కాలం నాటి 'చికెన్ కప్' 28.12 కోట్ల హాంకాంగ్ డాలర్లకి పోయింది. ఎనిమిది సెంటీమీటర్ల చిల్లర వెడల్పు ఉన్న కప్పు, దాని మీద ఒక పుంజు, పెట్ట, పిల్లలు. కొన్నది షాంఘైకి చెందిన లియు యిచ్యెన్. ఆయన డబ్బు కట్టడానికి క్రెడిట్ కార్డు 24 సార్లు గీశారు, ఆ తర్వాత ఆ కప్పులో టీ తాగిన ఫొటో ఒకటి బయటికొచ్చి పెద్ద గొడవైంది. నాకైతే అందులో తప్పేమీ కనబడలేదు, కప్పు తాగడానికే చేశారు. మూడేళ్ళ తర్వాత, 2017 అక్టోబరులో, మింగ్ కంటే పాతదైన సోంగ్ వంశం నాటి, 'రూ' అనే రకం పింగాణీ పాత్ర, కుంచెలు కడుక్కునేది, 13 సెంటీమీటర్ల వెడల్పు, 29.43 కోట్లకి పోయి ఆ రికార్డు దాటింది. రూ పాత్రలు ప్రపంచం మొత్తంలో వంద కూడా లేవు.

అలాంటివి చూసి ఎస్టిమేట్, అంటే వేలానికి ముందు సంస్థ వేసే అంచనా ధర, ఏదో శాస్త్రం అనుకోకండి. అది ఒక నిపుణుడి అభిప్రాయం. 2018లో ఫ్రాన్స్‌లో ఒక ఇంటి అటక మీద దొరికిన చ్యెన్‌లాంగ్ జాడీని బూట్ల డబ్బాలో పెట్టి పారిస్ వేలానికి తీసుకొచ్చారు, ఐదు నుంచి ఏడు లక్షల యూరోలు వస్తుందనుకుంటే 1.62 కోట్లు వచ్చింది. 2022లో ఫ్రాన్స్‌లోనే ఫాంటెన్‌బ్లోలో ఇంకో జాడీ: ఇది ఇరవయ్యో శతాబ్దంది, రెండు వేల యూరోలు మించదు అని నిపుణుడు రాస్తే, కొనేవాళ్ళు పాతదే అని నమ్మి పోటీ పడి 77 లక్షల దాకా పాడారు. ఎవరు కరెక్టో జాడీకే తెలియాలి. అమెరికాలో కనెక్టికట్‌లో ఒకాయన పాత సామాన్లు అమ్మే చోట 35 డాలర్లకి కొన్న గిన్నె మింగ్ చక్రవర్తి యోంగ్‌లె కాలందని తేలి, 2021లో న్యూయార్క్‌లో ఏడు లక్షల పైచిలుకు డాలర్లకి పోయింది. సుత్తి పడ్డంత మాత్రాన డబ్బు వచ్చేసినట్టూ కాదు. 2010లో లండన్ శివారు రైస్లిప్‌లో ఒక చ్యెన్‌లాంగ్ జాడీ 4.3 కోట్ల పౌండ్లకి పాట ముగిస్తే, పాడినవాళ్ళు కట్టలేదు, రెండేళ్ళ పైన నలిగి చివరికి దాదాపు సగం ధరకి ఇంకొకరి చేతికి వెళ్ళింది. పెద్ద లాట్లకి (వేలంలో పాటకి పెట్టే ఒక్కో వస్తువునీ లాట్ అంటారు) ముందుగా డిపాజిట్ కట్టించుకోవడం ఇలాంటి అనుభవాల వల్లే.

నా లాట్ చిన్నది కాబట్టి డిపాజిట్ అడగలేదు. పాస్‌పోర్టు, అడ్రస్ ప్రూఫ్ ఇచ్చి పేరు నమోదు చేసుకుంటే నంబరు ఉన్న ప్యాడిల్, పాట పాడేటప్పుడు ఎత్తి చూపే చిన్న పలక, ఇచ్చారు. వేలం రోజు హాల్లో జనం నేననుకున్నంత లేరు, గోడ పక్కన వరసగా ఫోన్లు పట్టుకున్న సిబ్బంది, పాటలో సగం వాళ్ళ నోటి వెంటే వస్తోంది. ఒక లాట్‌కి నిమిషం కూడా పట్టదు. నా లాట్ వచ్చేసరికి టెన్షన్‌తో ప్యాడిల్ పట్టుకున్న చేయి చెమట పట్టింది. ఎస్టిమేట్ 20,000 నుంచి 30,000 హాంకాంగ్ డాలర్లు. 18,000 దగ్గర మొదలైంది. ఫోన్‌లో ఒకరు, ఆన్‌లైన్‌లో ఒకరు, నేను. ఆన్‌లైన్ మనిషి 24,000 దగ్గర ఆగిపోయారు. 28,000కి నేను ప్యాడిల్ ఎత్తాక ఫోన్ పట్టుకున్న అమ్మాయి చాలాసేపు గుసగుసగా మాట్లాడి, తల అడ్డంగా ఊపింది. సుత్తి పడింది.

ఇప్పుడు డబ్బు లెక్క. సుత్తి ధర మీద బయ్యర్స్ ప్రీమియం అని సంస్థ తన వాటా వేస్తుంది. పెద్ద సంస్థలన్నిటిలో ఇది మామూలు లాట్లకి దాదాపు నాలుగో వంతు, ఇక్కడ 26 శాతం. 28,000 మీద 7,280. మొత్తం 35,280. హాంకాంగ్‌లో అమ్మకం పన్ను లేదు కాబట్టి అక్కడితో ఆగింది, లండన్‌లోనో పారిస్‌లోనో అయితే పన్ను కూడా చూసుకోవాలి. హాల్లో వినబడే అంకె మనం కట్టే అంకె కాదు. మీ మనసులో పెట్టుకున్న పైమొత్తాన్ని ఇంట్లోనే 1.26తో భాగించి, వచ్చిన అంకెని కాగితం మీద రాసుకుని వెళ్ళండి. నేను అలా రాసుకునే వెళ్ళాను, ఆ విషయంలో తప్పు చేయలేదు.

తప్పు వేరే చోట జరిగింది. పళ్ళెం ఇంటికి తెచ్చుకున్న రాత్రి మూడు వేళ్ళ కొసల మీద నిలబెట్టి అంచు మీద గోటితో మెల్లగా తట్టాను. మంచి పింగాణీ ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు గాల్లో నిలబడుతుంది. ఇది టక్ అని ఆగిపోయింది. ఇంకోసారి తట్టాను. టక్. కడుపులో చేయి పెట్టి దేవినట్టు అయింది. దీపం కింద తిప్పి తిప్పి చూశాను, ఏమీ కనబడలేదు. కండిషన్ రిపోర్ట్ తీసి మళ్ళీ చదివాను: గ్లేజులో చిన్న చిన్న తయారీ లోపాలు, రంగు మీద స్వల్పమైన అరుగుదల, అంతే, పగులు అన్న మాటే లేదు.

మర్నాడు హాలీవుడ్ రోడ్‌లో, వరసగా పురాతన వస్తువుల షాపులుండే వీధి అది, నాకు కొద్దిగా పరిచయం ఉన్న ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పళ్ళేన్ని తట్టను కూడా తట్టలేదు. లైట్లు ఆర్పి అల్ట్రావయొలెట్ టార్చ్ వేశారు. పళ్ళెం అంతా ఒక రంగులో ఉంటే అంచు దగ్గర చిటికెన వేలంత మేర పాలు ఒలికినట్టు తెల్లగా వెలిగింది. "ఇక్కడ రంగు వేశారు, ఈ ఆకుపచ్చ ఈ మధ్య వేసింది" అన్నారు. పాత ఎనామిల్ రంగు వెలగని చోట, కొత్త జిగురూ కొత్త రంగూ వెలుగుతాయి. ఆ కొత్త రంగు కింద అంచు నుంచి లోపలికి రెండున్నర సెంటీమీటర్ల పొడవున వెంట్రుకంత పగులు ఉందని ఆయన భూతద్దంలో చూపించారు. "వస్తువు మంచిదే, కాలమూ సరైనదే. మీరు పెట్టిన ధర మాత్రం పగులు లేని పళ్ళెం ధర" అన్నారు. ఈ మాటకి ఆయన డబ్బు తీసుకోలేదు.

సంస్థకి రాశాను. మొదటి జవాబు మూడు రోజుల్లో వచ్చింది, మర్యాదగానే ఉంది, సారాంశం ఏమిటంటే కండిషన్ రిపోర్ట్ మా అభిప్రాయం మాత్రమే, వస్తువుని ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతాం, చూసుకోవాల్సిన బాధ్యత కొనేవాళ్ళది, ఇది నిబంధనల్లో ఉంది. నిజమే, ఉంది. నేను చదివాను కూడా. ఇక్కడ ఒక తేడా అందరికీ తెలియాలి: హాంకాంగ్, లండన్‌లలో పెద్ద సంస్థలు వస్తువు అసలైనదే అనే దానికి మామూలుగా ఐదేళ్ళ హామీ ఇస్తాయి, నకిలీ అని రుజువైతే డబ్బు వెనక్కి వస్తుంది. ఆ హామీ వస్తువు కాలానికే, దాని ఆరోగ్యానికి కాదు. పగులు ఆ హామీలోకి రాదు. ప్రధాన భూభాగంలో అయితే వేలం చట్టం 61వ సెక్షన్ ప్రకారం, అసలో నకిలీయో మేం హామీ ఇవ్వలేం అని వేలానికి ముందే ప్రకటిస్తే సంస్థ ఆ బాధ్యత నుంచి కూడా తప్పించుకోవచ్చు. దాంతో పోలిస్తే హాంకాంగ్ నయమే.

నేను ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగాను: రిపోర్ట్ రాసినవాళ్ళు టార్చ్ వేసి చూశారా, లేదా? దానికి సూటిగా జవాబు రాలేదు. టార్చ్ వేసి ఉంటే అది కనబడకపోవడం అసాధ్యం, ముసలాయనకి పది సెకన్లు కూడా పట్టలేదు. ఐదు వారాల ఉత్తరాల తర్వాత 'సద్భావనతో' అంటూ ప్రీమియంలో సగం, 3,640 డాలర్లు, వెనక్కి వేశారు. అంతకంటే ఇవ్వాల్సిన పని వాళ్ళకి చట్టప్రకారం లేదు, ఇచ్చారు, అందుకే రెండు కాకుండా రెండున్నర. కానీ లక్షల డాలర్ల లాట్‌కి రెండు పేజీల రిపోర్ట్ రాసి, చిన్న లాట్‌కి రెండు వాక్యాలు రాసి వదిలేయడం నాకు న్యాయంగా అనిపించలేదు. పెద్ద లాట్ కొనేవాళ్ళకి పక్కన సలహాదారులుంటారు. చిన్న లాట్ కొనేవాళ్ళకే ఆ రిపోర్ట్ అసలు అవసరం.

నా వైపు నుంచి చేయాల్సింది కూడా చెబుతాను. ప్రివ్యూలో ఆ పళ్ళేన్ని చేతిలోకి తీసుకున్నాను, ఇరవై నిమిషాలు చూశాను, అందులో పద్దెనిమిది నిమిషాలు డ్రాగన్లని చూశాను. అంచు చుట్టూ వేలు తిప్పలేదు. టార్చ్ అడగలేదు, అడిగితే ఇస్తారని తెలియదు. కాబట్టి మీరు అడగండి. రిపోర్ట్ కోసం మెయిల్ రాసేటప్పుడు మామూలుగా పంపండి అనకుండా, పగుళ్ళున్నాయా, అంచు దగ్గర రంగు వేశారా, అల్ట్రావయొలెట్ కింద చూశారా అని విడివిడిగా ప్రశ్నలు రాయండి. రాతలో అడిగినదానికి రాతలో జవాబు వస్తే తర్వాత మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది. ఒక వస్తువు మీద మనసు పడిందంటే ముందు దాన్ని తిరగేసి అడుగు చూడండి, తర్వాత అంచు, బొమ్మ ఆఖరున. బొమ్మ ముందు చూస్తే మిగతావి కనబడవు, నాకు కనబడలేదు.

చూడటం ఒక్కటే చాలనుకునేవాళ్ళకి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం 95వ గది ఉంది, సర్ పెర్సివల్ డేవిడ్ సేకరించిన దాదాపు 1,700 వస్తువులు ఒకే గదిలో, 1351 అని తేదీ రాసి ఉన్న నీలం తెలుపు జాడీల జంట కూడా అక్కడే. తైపేలో రాజభవన మ్యూజియం సరే సరి. హాంకాంగ్‌లోనే వెస్ట్ కౌలూన్‌లో 2022లో తెరిచిన ప్యాలెస్ మ్యూజియం ఉంది, పొద్దున్నే వెళ్తే ప్రశాంతంగా చూడొచ్చు. అవన్నీ చూశాక కూడా ప్రివ్యూకే నా ఓటు, ఎందుకంటే బరువు అద్దంలోంచి కనబడదు.

పళ్ళెం నా దగ్గరే ఉంది, అమ్మలేదు. అమ్మితే ఆ పగులు సంగతి రాసి అమ్మాలి, అలా అమ్మితే పెట్టినదానిలో సగం కూడా రాదు. కొత్తగా వేసిన ఆకుపచ్చని తీయించేశాను, ఇప్పుడు పగులు సన్నటి గోధుమరంగు జీరలాగా కనబడుతుంది, దాచిపెట్టినప్పటి కంటే ఇలాగే నాకు నచ్చింది. పనివాడు చేయి ఎత్తిన చోటు దానికి రెండంగుళాల దూరంలో క్షేమంగా ఉంది.

శరదృతువు వేలాలకి అదే సంస్థ ప్రివ్యూకి మళ్ళీ వెళ్ళాను. ఈసారి పసుపు మీద ఆకుపచ్చ డ్రాగన్ల గిన్నె ఒకటి ఉంది, కాంగ్‌షీ కాలంది. టార్చ్ కావాలని అడిగితే అక్కడి అమ్మాయి రెండు నిమిషాల్లో తెచ్చి, కర్టెన్ వేసిన మూలకి తీసుకెళ్ళి, తనే పట్టుకుని వేసి చూపించింది. ఎక్కడా తెల్లగా వెలగలేదు. అంచు చుట్టూ వేలు తిప్పాను, నున్నగా ఉంది. ఎస్టిమేట్ నా తాహతుకి చాలా పైన. పావుగంట సేపు రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుని, గుడ్డ మీద పెట్టి, పూర్తిగా చేయి తీసేసి, థాంక్స్ చెప్పి వచ్చాను.